కొండచిలువలును గ్రామ పంచాయతీలును

(చాదర్‌ఘాట్‌లో మూసీ తీర గ్రామముల పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మనము కూర్చున్న చోటికి కూతవేటు దూరమున మూసీ ప్రవహించుచున్నది. చాదర్‌ఘాట్ వంతెనపై నిలిచి చూచినవారికి పెక్కు మాసములలో నీటికంటె ముందు కనబడునది గుర్రపుడెక్క. ఊదారంగు పూవులతో చూచుటకు ముద్దుగనే ఉండును. అది మన మొక్క కాదు. పూవుల అందమునకు ముచ్చటపడినవారు దక్షిణ అమెరికా నుండి తెచ్చి దేశదేశములు త్రిప్పగా మన చెరువులకును నదులకును చేరినది. స్వదేశములో దానిని కొరికి తిను పురుగులు కలవు, అణచు తెగుళ్లు కలవు. అవి దానితో కూడ ఓడ ఎక్కి రాలేదు. తరువాతి కథ చెరువు కౌలుకు తీసికొన్న ప్రతి మత్స్యకారునికిని తెలియును. గట్ల మీది వయ్యారిభామయు, బీళ్లలోని సర్కారు తుమ్మయు ఈ కోవకు చెందినవే.

పరదేశము నుండి వచ్చిన ప్రతిదియు ఉపద్రవమని నా భావము కాదు. మిరప, టమాట, వేరుసెనగ కూడ సముద్రము దాటి వచ్చినవే. అవి లేని తెలుగు భోజనమును నేడు ఊహింపజాలము. అవి మనము నాటిన చోట పెరుగును, నాటని చోట పెరుగవు. మన చేతి క్రింద నిలువక తనంత తాను వ్యాపించి, అచ్చట అనాదిగా ఉన్న ప్రాణులను త్రోసివేయు జాతితోనే చిక్కు.

మొక్కలకు కాళ్లు లేవు. కాళ్లు లేకుండనే నేలపై ప్రాకుచు, నీట ఈదుచు, చెట్టెక్కగల జీవి ఇట్లు వ్యాపించినచో ఏమగునో నేడు మీకు చెప్పదలచితిని. పెద్ద పాముల వలన ప్రపంచములో కలిగిన ఇట్టి నష్టములలో మిక్కిలి ప్రసిద్ధమైనది మన కొండచిలువకు దగ్గర చుట్టమగు జాతి వలన కలిగినది. చుట్టమును గుర్తించుటకు ముందు ఇంటివానిని ఎరిగియుండవలెను గదా. కావున మొదట మన కొండచిలువను గూర్చి నాలుగు మాటలు.

పదునెనిమిదవ శతాబ్దము చివర విశాఖపట్టణములో పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు ఉండెడివాడు. కోరమాండల్ తీరపు పాములను సేకరించి, బొమ్మలు వ్రాయించి, 1796లో లండనులో ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. అందులోని పెక్కు పాముల పేర్లు మన పల్లెజనులు చెప్పినవే. కొండచిలువ ఆ గ్రంథములో ‘పెద్ద పొడ’. రక్తపింజర ‘కాటుక రేకుల పొడ’. పొడ యనగా మచ్చ. ఈ రెండు పాములను ఒకే మాటతో పిలుచుటలో ఒక హెచ్చరిక ఉన్నది. దాని ప్రసక్తి ముందు వచ్చును.

కొండచిలువకు విషము లేదు. ఎరను పండ్లతో పట్టి, చుట్టలు చుట్టి, రక్తప్రసారము ఆగువరకు బిగించి చంపి, తల వైపు నుండి మ్రింగును. పెదవులపై ఉన్న చిన్న గుంటలు వేడిని పసిగట్టును గనుక కటిక చీకటిలో సైతము వెచ్చని శరీరము గల ప్రాణిని గుర్తింపగలదు. మన జాతి సాధారణముగా పది అడుగులకు అటునిటుగా పెరుగును. అంతకు మించినవియు కలవు. ఒకసారి కడుపు నిండ తిన్నచో వారముల తరబడి, అవసరమైనచో నెలల తరబడి, ఆహారము లేక ఉండగలదు. తిన్న వెంటనే దాని శరీరములో జరుగు మార్పు వింతయైనది. బర్మా కొండచిలువలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, మేత తిన్న 48 గంటలలోనే దాని గుండె కండరము సుమారు 40 శాతము పెరుగునని 2005లో ప్రకటించిరి. అరుగుదల ముగిసిన పిమ్మట గుండె మరల యథాస్థితికి వచ్చును.

శీతకాలమున జతకట్టి, వేసవిలో గ్రుడ్లు పెట్టును. ఇరువది నుండి నలువది వరకు సామాన్యము. పెద్ద ఆడపాము నూరు వరకు పెట్టవచ్చును. పాములలో పెక్కు జాతులు గ్రుడ్లు పెట్టి తమ దారిన పోవును. కొండచిలువ అట్లు కాక, గ్రుడ్ల చుట్టును చుట్టలు వేసికొని సుమారు రెండు మాసములు పొదుగును. చల్లబడినపుడు కండరములను వణకించి వేడి పుట్టించును. ఆ దినములలో తల్లి దాదాపుగా ఏమియు తినదు. తొలకరి వేళకు పిల్లలు వెలువడును. ఒకటిన్నర, రెండడుగుల పొడవుండును. పుట్టిననాటి నుండి వానికి తల్లి అండ లేదు. ఎలుకపిల్లలతో జీవితము ప్రారంభించును.

ఇది నల్లమల వంటి అడవులలోనే కాదు, నదుల వెంబడి రెల్లుపొదలలోను, రాతిగుట్టలలోను నివసించును. హైదరాబాదుకు దిగువన మూసీ వెంట వరిమళ్లును పారాగడ్డి తోటలును ఉన్నవి. ఎలుకలకు కొదవ లేదు, నీటికి కొదవ లేదు. అట్టి చోట కొండచిలువ కనబడుట వింత కాదు. వరదలు వచ్చినపుడు అది కొట్టుకొని వచ్చి గడ్డివాములోనో మోటారు గదిలోనో తలదాచుకొనవచ్చును. 2020 అక్టోబరులోను, 2025 సెప్టెంబరులోను మూసీ పొంగి ఈ చాదర్‌ఘాట్ బస్తీలలోనికి నీరు వచ్చినది మీరందరు ఎరుగుదురు. అట్టి దినములలో మనుష్యులు ఇండ్లు విడిచినట్లే పాములును కన్నములు విడుచును.

కోడిపిల్లలను, అప్పుడప్పుడు మేకపిల్లను అది పట్టుకొనుట నిజమే. మేకపిల్ల పోయిన కుటుంబమునకు ఆ నష్టము స్వల్పము కాదు. దానిని తేలికగా మాటాడువారితో నేను ఏకీభవింపను. కాని అదే పాము సంవత్సరము పొడుగున తిను ఎలుకలు, పందికొక్కులు ఎవరి ఖాతాలోను వ్రాయబడుట లేదు. మేకపిల్ల పోయిన నాడు ఊరంతయు కూడును, పందికొక్కు పోయిన నాడు ఎవరును కూడరు.

ఇక ఇందాక ప్రస్తావించిన హెచ్చరిక. కొండచిలువ పిల్లయు రక్తపింజరయు పొడవులోను, లావులోను, మచ్చలలోను పోలికగా ఉండును. అందుచేత రెండు విధముల కీడు జరుగుచున్నది. రక్తపింజర యని భ్రమసి నిరపాయమగు పిల్లలను కొట్టి చంపుట ఒకటి. కొండచిలువ పిల్లయే గదా యని రక్తపింజరను చేతితో పట్టుట రెండవది. దీనిలో పోవునది మనిషి ప్రాణము. రక్తపింజర వీపుపై గ్రుడ్డు ఆకారపు మచ్చలు మూడు వరుసలలో గొలుసువలె పేర్చినట్లుండును, తోక పొట్టి, కదిలించినచో కుక్కరు ఆవిరి విడిచినట్లు గట్టిగా బుసకొట్టును. కొండచిలువ మచ్చలు పెద్దవి, అంచులు వంకరటింకరగా ఉండి ఒకదానితో నొకటి సరిపోలవు. తలపై బల్లెపు మొన వంటి గుర్తు ఉండును. ఇది దూరము నుండి చూచుటకు మాత్రమే చెప్పినది. వంగి చూచి నిర్ధారించుకొనుటకు కాదు. కాటు పడినచో కట్లకును, కోతలకును, మంత్రములకును కాలము వ్యర్థము చేయక, విషవిరుగుడు మందు గల ప్రభుత్వ వైద్యశాలకు తక్షణమే చేర్చవలెను.

ఇప్పుడు చుట్టము సంగతి. బర్మా, థాయిలాండు, వియత్నాము, దక్షిణ చైనా దేశములలోను, మన ఈశాన్య రాష్ట్రములలోను బర్మా కొండచిలువ యను జాతి కలదు. ఇది మనదానికంటె పెద్దది. అమెరికాలో పాములను పెంచు సరదా బలిసి, 1996 మొదలు 2006 వరకు సుమారు 99,000 బర్మా కొండచిలువలను ఆ దేశము దిగుమతి చేసికొన్నది. కొన్నపుడు రెండడుగులున్న పిల్ల కొద్ది సంవత్సరములలో పది, పన్నెండు అడుగులగును. దానికి పెట్టె చాలదు, మేత చాలదు, ఇంటివారికి ధైర్యము చాలదు. చంపుటకు మనసొప్పక కొందరు రాత్రివేళ తీసికొనిపోయి చిత్తడి నేలలో విడిచిరి. 1992లో ఆండ్రూ తుపానుకు పాములను పెంచు కేంద్రమొకటి ధ్వంసమైనపుడు కూడ కొన్ని తప్పించుకొన్నవని చెప్పుదురు.

ఆ చిత్తడి నేల ఫ్లోరిడా రాష్ట్రములోని ఎవర్‌గ్లేడ్స్. అచ్చటి జాతీయ వనమే పదిహేను లక్షల ఎకరములు. వేడి, నీరు, రెల్లు, మేత సమృద్ధిగా ఉన్నవి. ఆ ప్రాంతపు కుందేలు, రకూన్ వంటి జంతువులు తమ తరతరములలో అంత పెద్ద పామును ఎరుగవు. దాని వాసన తెలియదు, దారి తొలగుట తెలియదు. ఆ ప్రాంతమున మొదటి కొండచిలువ కనబడినది 1979లో. అది అచ్చట సంతానోత్పత్తి చేసి స్థిరపడినదని అంగీకరించినది 2000లో. నడుమ ఇరువదియొక్క సంవత్సరములు గడచినవి. ఒకటి కనబడినపుడు, ఎవరో వదలినది లెమ్మనిరి. మరియొకటి కనబడినపుడును అదే మాట.

తరువాత ఏమి జరిగినదో లెక్కలే చెప్పును. శాస్త్రజ్ఞులు 2003 నుండి 2011 వరకు రాత్రివేళల సుమారు 57,000 కిలోమీటర్లు రోడ్ల మీద తిరిగి, కనబడిన జంతువులను లెక్కించి, పాములు వ్యాపింపక ముందటి లెక్కలతో పోల్చిరి. రకూన్లు 99 శాతము తగ్గినవి. అపోసమ్ అను మరియొక చిన్న జంతువు కూడ దాదాపు అంతే తగ్గినది. బాబ్‌క్యాట్ అను అడవిపిల్లి 87 శాతము తగ్గినది. కుందేళ్లు, నక్కలు కానరాకనే పోయినవి. దీనికి కారణము పామేనా యని సందేహించినవారు లేకపోలేదు. అప్పుడు కుందేళ్లకు రేడియో యంత్రములు కట్టి వనములో విడిచి గమనించిరి. చనిపోయినవానిలో 77 శాతము కొండచిలువల కడుపులోనికే పోయినవి.

ఇందులో ఆరోగ్య విషయమొకటి ఉన్నది. పెద్ద జంతువులు తరిగిపోగా, వాని రక్తము త్రాగు దోమలు మిగిలిన ఎలుకల మీద పడినవి. ఆ ఎలుకలు ఒక రోగకారక వైరస్‌కు నిలయములు. పాము తిన్నది కుందేలును. దాని ఫలితము తుదకు దోమ ముట్టెకు చేరినది. ఊరి పారిశుధ్యము చూచు మీకు ఈ గొలుసు క్రొత్త కాదు.

ఆ పాములను నిర్మూలింపజాలకున్నారు. 2000 నుండి 23,000కు పైగా పట్టినను అవి తరుగుట లేదు. కారణము దాని మచ్చలలో ఉన్నది. ఎండుగడ్డిలో పండుకొన్న పాము మూడడుగుల దూరమున ఉన్నను మనిషికి కనబడదు. ఉన్నవానిలో నూటికి ఒకటి కూడ కంటబడదని అచ్చటి శాస్త్రజ్ఞుల అంచనా. ఒక పెద్ద ఆడపామును పట్టి కోసి చూడగా 98 కిలోల బరువుండి, కడుపులో 122 గ్రుడ్లు తయారగుచుండినవి.

2017 జనవరిలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయమువారు తమిళనాడు నుండి ఇరుల తెగకు చెందిన మాసి సడయన్, వడివేల్ గోపాల్ అను ఇద్దరిని పిలిపించిరి. ఇరులలు చెంగల్పట్టు ప్రాంతమున తరతరములుగా పాములు పట్టువారు. 1978లో తమ సహకార సంఘమును స్థాపించుకొని, విషవిరుగుడు మందు తయారీకి పాముల విషము సరఫరా చేయుచున్నవారు. పాము ప్రాకిన ఒరిపిడిని, విడిచిన కుబుసమును, మలమును చూచి జాడ తీయు వారి విద్య యంత్రములకు అబ్బలేదు. రెండు వారములు తిరుగక ముందే పదమూడు కొండచిలువలను పట్టియిచ్చిరి. వారిద్దరికిని 2023లో పద్మశ్రీ బిరుదము లభించినది. మన తీర జిల్లాలలోని యానాదులకును పొలములలో ఎలుకల జాడ, పాముల జాడ తీయుటలో అట్టి నేర్పు కలదు. ఆ విద్యను మనమెంత గౌరవించుచున్నామో మీరే ఆలోచింపుడు.

ఇంకొక సంగతి. 2018లో ఫ్లోరిడా పాముల వంశధాతువును పరీక్షింపగా, సుమారు నాలుగు వందల పాములలో పదమూడింట భారత కొండచిలువ, అనగా మన పెద్ద పొడ, ఛాయలు బయటపడినవి. పెంపకములోనో అంతకు పూర్వమో రెండు జాతులు కలసినవి. ఇచ్చట చట్టము కాపాడుచున్న మన పాము రక్తము అచ్చట బహుమానములు ప్రకటించి వేటాడబడుచున్న పాములలో ప్రవహించుచున్నది. బర్మా కొండచిలువయు స్వదేశములో తరిగిపోవుచున్న జాతిగనే లెక్కింపబడుచున్నది. పాము స్వభావము రెండు చోట్లను ఒకటే. చోటు మారినది.

ప్రపంచమున అన్ని పాములకంటె ఎక్కువ దేశములు తిరిగినదియు మన తెలుగు తీరపు పామే యని చెప్పిన మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. వానపామువలె కనబడు గుడ్డిపాము అది. రస్సెల్ గ్రంథములో దాని పేరు ‘రెండు తలల పాము’. ఆ విశాఖపట్టణపు వర్ణనను ఆధారముగా చేసికొనియే 1803లో దానికి శాస్త్రీయ నామము పెట్టిరి. పూలకుండీల మట్టిలో దాగి ఖండఖండాంతరములకు వెళ్లినది. వానిలో అన్నియు ఆడవే. మగదాని అవసరము లేకనే సంతానము కలుగును గనుక ఒక్కటి చేరినను చాలును. చీమల గ్రుడ్లు, చెదలు తిని బ్రతుకు ఆ అల్పప్రాణి వలన పెద్ద హాని కనబడలేదు. అన్ని వలసలును ఇట్లే ముగియవు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము సరకులతో గువామ్ ద్వీపమునకు చేరిన గోధుమరంగు చెట్టుపాము, అచ్చటి పన్నెండు జాతుల అడవిపక్షులలో పదింటిని ఆ ద్వీపపు అడవులలో లేకుండ చేసినది.

ఇవి మూసీ తీరమున కూర్చున్న మనకేల యని అడుగవచ్చును. పరదేశపు పెద్ద పాము ఏదియు మన అడవులలో స్థిరపడిన దాఖలా లేదు. ఈ మాట ఇట్లే నిలువవలెనన్నదే నా ఆరాటము. 2024 ఏప్రిలులో బెంగుళూరు విమానాశ్రయమున, బాంకాకు నుండి వచ్చిన ప్రయాణికుని పెట్టెలో పది పసుపు అనకొండలు దొరికినవి. అవి కొనువారున్నందుననే వచ్చినవి. ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాను, దక్షిణ అమెరికా ఇగ్వానా వంటివానిని నగరములలో సరదాకు పెంచుట పెరిగినది. విసుగు పుట్టినపుడు వానిని ఎచ్చట వదలుదురు? పోలీసు ఠాణా ఎదుట వదలరు. ఊరి చివరి చెరువు గట్టున, రాత్రివేళ, మీ పంచాయతీ హద్దులలో వదలుదురు. ఏడాది పొడుగున వేడి, మురుగుతో పెరిగిన ఎలుకలు, దట్టమైన గడ్డి: ఎవర్‌గ్లేడ్స్‌లో దొరికినవి ఇచ్చటను దొరకును. విడిచిన పాము ఒంటరియైనను, దానితో వచ్చు పరాన్నజీవి ఒంటరిగా ఉండదు. ఆసియా నుండి వెళ్లిన కొండచిలువలతో చేరిన ఊపిరితిత్తుల పురుగు ఫ్లోరిడాలోని స్థానిక సర్పములకు సోకినది.

చేపల విషయమున ఈ పొరపాటు మన చెరువులలో ఇప్పటికే జరిగినది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకమును 2000లోనే కేంద్ర ప్రభుత్వము నిషేధించినను దొంగచాటుగా పెంచుట ఆగలేదు. అద్దాల తొట్లలో పాచి తినుటకై కొనిన సక్కర్ చేప నేడు రెండు తెలుగు రాష్ట్రముల జలాశయములలో వలలను చింపుచున్నది.

చట్టము మన చేతికి కొంత బలమిచ్చినది. వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1972 ప్రకారము మన కొండచిలువ పులితో సమానముగా మొదటి షెడ్యూలులో ఉన్నది. చంపినను, పట్టి అమ్మినను మూడు నుండి ఏడు సంవత్సరముల శిక్షయు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానాయు పడవచ్చును. 2022 సవరణ ద్వారా పరదేశపు ఆక్రమణ జాతుల దిగుమతిని, వ్యాపారమును, పెంపకమును నిషేధించు అధికారము కేంద్రమునకు లభించినది. అంతర్జాతీయ ఒప్పందము క్రిందికి వచ్చు పరదేశపు జంతువులను పెంచువారు 2024 నియమముల ప్రకారము పరివేష్ అను ప్రభుత్వ పోర్టలులో నమోదు చేసికొనవలెను. వాని పుట్టుకను, చావును, చేతులు మారుటను తెలుపవలెను.

ఐనను చట్టము హైదరాబాదులోనో ఢిల్లీలోనో ఉండును. పాము ఊరిలో ఉండును. 2002 జీవవైవిధ్య చట్టము క్రింద ప్రతి స్థానిక సంస్థకును ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీయు, ఒక ప్రజా రిజిస్టరును ఉండవలెను. పెక్కు గ్రామములలో ఆ రిజిస్టరు బీరువాలోనే ఉన్నదని చెప్పుటకు సంకోచింపను. దానిని బయటికి తీయుడు. ఏ పాము, ఏ దినమున, ఏ పొలమున కనబడినదో వ్రాయించుడు. ఫొటో తీయించి జతపరచుడు. గొర్రెల కాపరులకు, ఎలుకలు పట్టువారికి, చేపల వారికి కనబడినంత మనకు కనబడదు. వారి నోటి మాటను, వారు చెప్పు పేరుతోనే ఎక్కించుడు. ఎన్నడును చూడని రంగు, ఎన్నడును చూడని మచ్చలు గల పాము కనబడినచో, ఎవరో వదలినది లెమ్మని ఊరకుండక, ఆ దినమే అటవీశాఖకు తెలుపవలెను. హైదరాబాదు పరిసరములలో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వారు కూడ పాములను పట్టి అటవీశాఖకు అప్పగించుచున్నారు. గుర్తు తెలియని పామును మీరే చంపినచో అది ఏ జాతియో, ఎచ్చట నుండి వచ్చినదో తెలియు దారియు దానితోనే పోవును.

మన కొండచిలువ కనబడినపుడు చేయవలసినది స్వల్పమే. పిల్లలను దూరము పంపి, కుక్కలను కట్టివేసి, ఒకరు దూరమున నిలిచి అది ఎటు పోవుచున్నదో గమనించుచుండగా మరియొకరు ఫోను చేయవలెను. మెడలో వేసికొని ఫొటోలు తీయించుకొను వేడుక మానిపింపుడు. దాని పండ్లు వెనుకకు వంగియుండును గనుక పట్టినచో చేతిని లాగుకొనలేము, గాయము లోతుగా పడును. కడుపు నిండి కదలలేనిదానిని కర్రలతో కదిలించినచో తిన్నదంతయు కక్కును, కొన్నిసార్లు చచ్చును. పట్టిన పామును ఏబది మైళ్ల దూరపు అడవిలో విడువుడని పట్టుబట్టువారు కలరు. అటవీశాఖవారు దగ్గరలోని అనువైన చోట విడుచుటయే మేలు. తెలియని చోట దానికి కన్నము దొరకదు, మేత దొరకదు.

రానున్న వర్షకాలమునకు ముందు గడ్డివాములను ఇండ్ల గోడలకు ఆనించక, మోటారు గదుల తలుపుల క్రింది సందులు పూడ్పించి, కోళ్ల గూళ్లకు సన్నని జాలి కొట్టించినచో, వరదకు వచ్చిన పాము ఇంటి జోలికి రాక ఎలుకల వెంట పొలమునకు మరలిపోవును. జాలి కన్నము అరంగుళమునకు మించరాదు. ఒకటిన్నర అడుగుల పిల్లకు అంతకు మించిన దారి అక్కరలేదు.